పసిబిడ్డ మేని ఎఱ్ఱమచ్చ: ఒక పేరు సరిదిద్దిన కథ

ఇంట బిడ్డ పుట్టినది. పురిటి గది గడప దగ్గర అమ్మమ్మయు నాయనమ్మయు బిడ్డను వెలుతురు వైపు త్రిప్పి చూచుచున్నారు. ముక్కు ఏ వంశముది, నుదురు ఏ వంశముది అను తగవు తీరక మునుపే ఎవరి కంటికో బిడ్డ తొడ మీద ఒక ఎఱ్ఱని మచ్చ కనబడును. ఒకరు పుట్టుమచ్చ అందురు. ఒకరు గ్రహణము నాటి దోషమందురు. అనుభవము గల ముసలమ్మ ఒకతె, "ఏమీ కాదు, అదే పోవునులే" అనును. ఈ కడపటి మాటయే పెక్కుసార్లు నిజమగుచుండును.

ముసలమ్మ మాటను లెక్క కట్టి నిరూపించిన వైద్యుడు కూడ ఉన్నాడు. ఇంగ్లండులోని ప్లిమత్ నగరమున లిస్టర్ అను వైద్యుడు 77 మంది పిల్లల మేనిపైనున్న 93 ఎఱ్ఱని మచ్చలను సంవత్సరముల తరబడి కొలిచి, ఏ మందును వేయకయే అవి క్రమముగా చప్పబడి పోవుచున్నవని 1938లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినాడు. పుట్టిన కొన్ని వారములలో పైకి లేచి, కొన్ని నెలలు పెరిగి, ఆపై ఏండ్ల మీద కరగిపోవు ఈ మచ్చను వైద్యులు హిమాంజియోమా అందురు. అది రక్తనాళముల కణితి. నూరుగురు పసివాండ్రలో నలుగురైదుగురికి ఇది వచ్చుచుండును. చాలవరకు అపాయము లేనిది.

మేము ఈనాడు చెప్పదలచినది దాని వలెనే కనబడుచు, దాని వంటిది కాని మరియొక కణితిని గూర్చి. లక్షమంది పిల్లలలో ఒకరికి వచ్చుట కూడ అరుదు. కాని వచ్చిన బిడ్డకు అది ప్రాణము మీది ముప్పు. ఆ కణితి రక్తములోని గడ్డకట్టు శక్తిని తనలోనికి లాగుకొని, మిగిలిన దేహమును వట్టి చేతులతో నిలబెట్టును. ఈ వ్యాధికి మందు దొరకుటలో ఆలస్యమెందుకు జరిగినది? మందులు లేక మాత్రమే కాదు. దానికి సరియైన పేరు లేకపోవుట వలన. యాబది యేడు సంవత్సరములు వైద్యలోకము ఒక రోగమును వేరొక రోగము పేరుతో పిలిచినది. ఆ కథయే ఇది.

ముందుగా రక్తము గడ్డకట్టు విధము కొంత తెలిసికొనవలెను. కత్తిపీట మీద వ్రేలు తెగినపుడు కొలది నిమిషములలో రక్తము తానే ఆగును. ఆ పనికి ముందుగా వచ్చి చేరునవి రక్తఫలకికలు. డెంగీ జ్వరము చూచిన ఇండ్లలో ప్లేట్‌లెట్లు అను పేర ఇవి అందరికిని పరిచితములే. ఎఱ్ఱ కణములకంటె ఎంతో చిన్నవి. ఇటలీ దేశీయుడైన జూలియో బిజోజెరో 1882లో వీటిని ఎఱ్ఱ కణములకును తెల్ల కణములకును వేరైన మూడవ జాతిగా గుర్తించి, నాళము తెగిన చోట ఇవి ఒకదానికొకటి అంటుకొని కంత పూడ్చునని చూపినాడు. ఆ పూడ్పు మీద ఫైబ్రినోజెన్ అను పదార్థము దారములుగా మారి వల అల్లును. ఫలకికలు ఇటుకలయితే, ఫైబ్రిన్ దారములు సున్నము. రెండును ఉన్నపుడే గోడ నిలుచును.

ఆరోగ్యవంతుని రక్తములో మైక్రోలీటరు ఒక్కింటికి 1,50,000 మొదలు 4,50,000 వరకు ఫలకికలుండును. మేము చెప్పు వ్యాధిలో ఈ సంఖ్య 50,000 లోపునకు పడిపోవుట సాధారణము. 10,000 కంటె దిగువకు జారిన బిడ్డలును కలరు. ఫైబ్రినోజెన్ కూడ దానితోపాటు తరిగిపోవును. ఇటుకలును లేవు, సున్నమును లేదు. అప్పుడు చర్మము క్రింద గుండుసూది మొనల వంటి ఎఱ్ఱ చుక్కలు, ఊదారంగు మచ్చలు లేచును. చిగుళ్ళనుండియో ప్రేగులనుండియో, ఒక్కొక్కమారు మెదడులోనో రక్తము కారును.

1940లో న్యూయార్కు నగర వైద్యులైన హేగ్ కసబాక్, కాథరిన్ మెరిట్ అను ఇద్దరు పసిపిల్లల వ్యాధులకు సంబంధించిన ఒక అమెరికా పత్రికలో ఒకే ఒక రోగి వృత్తాంతమును ప్రకటించినారు. రోగి రెండు నెలల మగబిడ్డ. ఎడమ తొడ మీద ఎఱ్ఱబారిన మచ్చ ఒకటి ఉన్నది. అది చూచుచుండగనే పెరిగి కాలంతయు వ్యాపించి, కడుపు మీదికి, రొమ్ము మీదికి ప్రాకినది. అదే సమయమున ఒంటి నిండ రక్తపు మచ్చలు లేచినవి. ఫలకికల లెక్క పడిపోయినది. కణితికిని, రక్తము గడ్డకట్టకపోవుటకును సంబంధమున్నదని ఆ ఇద్దరు వైద్యులు గ్రహించినారు. ఆ గ్రహింపు చాల గొప్పది. తరువాతి వారు కృతజ్ఞతతో ఆ వ్యాధికి వారిద్దరి పేర్లు పెట్టి కసబాక్-మెరిట్ అని పిలిచినారు.

కాని ఆ వ్యాసపు శీర్షికలో కణితిని వారు కేశనాళికల హిమాంజియోమా అన్నారు. ఆ కాలమున రక్తనాళములతో నిండిన ఎఱ్ఱని కణితి ఏదైనను హిమాంజియోమాయే. వేరు చేయుటకు మార్గమే లేదు. కనుక ఆ తప్పును వారికి అంటగట్టరాదు. అయినను ఆ మాట ఒకసారి అచ్చుపడిన తరువాత పాఠ్యగ్రంథములలోనికి, వైద్యకళాశాలల పాఠములలోనికి ఎక్కి కూర్చున్నది. ముసలమ్మ పోవునులే అన్న మచ్చయే ఒక్కొక్కమారు పెద్దదై రక్తమును మ్రింగునని లోకము నమ్మినది.

ఈ నమ్మకము వలన రెండు వైపుల నష్టము కలిగినది. మొదటిది, పెద్ద హిమాంజియోమా కనబడినపుడెల్ల, ఇది రక్తఫలకికలను మ్రింగునేమో అను భయము. రెండవది, నిజముగా మ్రింగుచున్న కణితి ఎదుట పడినపుడు, హిమాంజియోమాకు పనికివచ్చిన చికిత్సయే దీనికిని పనికివచ్చునను ఆశ.

ఆనాడు వైద్యుల చేతనున్న సాధనములు ముఖ్యముగా మూడు. రక్తము ఎక్కించుట, కత్తితో కోసి తీయుట, కిరణములతో కాల్చుట. చిన్న కణితిని సాంతముగా కోసి తీయగలిగినచో బిడ్డ బ్రదుకును. తీసిన కొలది దినములలోనే ఫలకికలు మామూలు లెక్కకు వచ్చును. కాని ఈ కణితికి ఒక హద్దు ఉండదు. చర్మమును, కండను, నరములను కలగలుపుగా చుట్టుకొని పోవును. పైగా గడ్డకట్టని రక్తము గల పసివాని మీద కత్తి పెట్టుట ఎంత సాహసమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక కిరణములు. ఎక్స్‌రే, రేడియము ఆ కాలపు మహాస్త్రములు. కొందరు బిడ్డలలో కణితి నిజముగనే కుంచించుకొని పోయినది, ప్రాణము నిలిచినది. కాని అవే కిరణములను మామూలు ఎఱ్ఱమచ్చల మీద కూడ ధారాళముగా వాడినారు. స్వీడన్ దేశములోని స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్ నగరములలో సుమారు 1920 మొదలు 1965 వరకు ఇరువది వేలకు మించిన పసివాండ్రకు ఇట్టి చికిత్స జరిగినది. వారు పెద్దవారైన పిదప అచటి పరిశోధకులు ఓపికతో లెక్క తీసినారు. థైరాయిడ్ గ్రంథిలోను, స్త్రీలకు రొమ్ములలోను క్యాన్సరు ఇతరులకంటె ఎక్కువగా వచ్చినది. ఆ బిడ్డలలో అత్యధికుల మచ్చ తనంత తాను పోవలసినదే. మచ్చ పోయినది, కిరణము మాత్రము దేహములో గుర్తు విడిచినది. పేరులను విడదీయలేని కాలము చెల్లించిన మూల్యమిది.

ఫలకికలు ఎక్కడికి పోవుచున్నవి? ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు 1963లో లభించినది. కాంట్రాస్ అను అమెరికా వైద్యురాలు తన సహచరులతో కలిసి, కొలది రేడియోధార్మికత గల క్రోమియము 51 అను గుర్తును ఫలకికలకు తగిలించి రోగి రక్తములోనికి వదలినది. గంట కట్టిన ఆవు ఏ తోపులోనున్నదో గంట చప్పుడును బట్టి తెలిసినట్లు, గుర్తు కట్టిన ఫలకికలు ఎచట చేరుచున్నవో యంత్రముతో వినవచ్చును. అవి స్వల్పకాలముననే రక్తమునుండి మాయమై, కణితిలో పోగుపడినవి. కణితిలోని నాళముల లోపలి పొర నున్నగా ఉండదు. దాని వంకరలలో ఫలకికలు చిక్కుకొని, అంటుకొని, గడ్డకట్టు ప్రక్రియ నిరంతరము సాగుచుండును. దేహమంతటికి కావలసిన సరుకును ఆ ఒక్క చోటనే ఖర్చు చేయుచుండును.

ఈ సంగతి తెలిసిన పిదప చికిత్సలో ఒక విచిత్రమైన నియమము ఏర్పడినది. ఫలకికలు తక్కువైన బిడ్డకు ఫలకికలు ఎక్కించవలెనని ఎవరికైనను తోచును. డెంగీలో అవసరమును బట్టి అట్లే చేయుదురు. ఇచట మాత్రము అది చిల్లుకుండలో నీరు పోయుటకంటెను చెడ్డది. పోసిన నీరు పోవుటయే కాదు, పోసిన కొలది చిల్లు పెద్దదగును. ఎక్కించిన ఫలకికలు నేరుగా కణితిలో చేరి, అక్కడ గడ్డకట్టి, కణితిని ఉబ్బించును. కావున పైకి రక్తము కారుచున్నపుడో, శస్త్రచికిత్సకు ముందో తప్ప, కేవలము లెక్క తక్కువగా ఉన్నదని వీనిని ఎక్కించరాదని నేటి వైద్యుల మాట. నూనె గింజంత జాగు కూడ భరింపలేని తల్లిదండ్రులకు, లెక్క పదివేలకు పడిపోయినను వైద్యుడు ఎక్కించకుండుట ఎంత కఠినముగా తోచునో ఊహింపవచ్చును. ఆ కాఠిన్యము వెనుక 1963 నాటి ఈ పాఠమున్నది.

కిరణముల తరువాత వచ్చినవి కార్టిసోన్ జాతి మందులు. 1967లో జారెమ్, ఎడ్జర్టన్ అను శస్త్రవైద్యులు ప్రెడ్నిసోలోన్ మందుతో హిమాంజియోమాలు కుంచించుకొని పోయినవని వ్రాసినారు. అది మొదలు ఎఱ్ఱమచ్చల చికిత్సలో ఆ మందు నలుబది సంవత్సరములు ప్రధానస్థానమున నిలిచినది. రక్తమును మ్రింగు కణితికి కూడ దానినే ఇచ్చినారు. కొందరు బిడ్డలు కోలుకొన్నారు, కొందరిలో ఏ మార్పును లేదు. ఒకే జబ్బు, ఒకే మందు, ఒకే మోతాదు. ఫలము మాత్రము వేరు. ఎందుకని అడిగిన వారు కొద్దిమంది.

1992లో బోస్టన్ నగరమునుండి మరియొక ఆశ వచ్చినది. ఇంటర్ఫెరాన్ ఆల్ఫా అను మందును ప్రాణాంతకములైన కణితులు గల 20 మంది పసివాండ్రకు ఇచ్చి మంచి ఫలము కనుగొంటిమని ఎజెకోవిట్జ్, మలికెన్, ఫోక్‌మన్ అను వైద్యులు తెలిపినారు. ఆరేండ్లకు ఆ నగర వైద్యులే ఇంకొక వార్త చెప్పవలసి వచ్చినది. ఆ మందు పుచ్చుకొన్న శిశువులలో కొందరికి కాళ్ళు బిగుసుకొని నడక చెడినది. తమ మందులోని దోషమును తామే ప్రకటించుట వైద్యవృత్తిలో గౌరవింపదగిన సంప్రదాయము. ఆపై శిశువుల విషయమున ఆ మందు వెనుకబడినది.

ఇక కథలో మలుపు వచ్చినది. మందుల గదిలో కాదు, సూక్ష్మదర్శిని క్రింద.

బోస్టన్‌లోనే జాన్ మలికెన్, జూలీ గ్లొవాకి అను ఇద్దరు 1982లో రక్తనాళపు మచ్చలన్నిటిని లోపలి కణముల నడవడిని బట్టి రెండు పెద్ద తెగలుగా విభజించినారు. కణములు వేగముగా పెరిగి సంఖ్య హెచ్చునవి ఒక తెగ. పుట్టుకతోనే నిర్మాణము వంకరపోయి, బిడ్డతోపాటు మాత్రమే పెరుగునవి రెండవ తెగ. చూచుటకు అన్నియు ఎఱ్ఱగనో నీలముగనో ఉన్నను లోపల ఒకటి కాదని ఈ విభజన నేర్పినది. రంగును చూచి పేరు పెట్టు అలవాటు అక్కడితో సడలినది.

జపానులో నకగావా అను వైద్యుడు 1949లోనే ఒక ప్రత్యేకమైన కణితిని వర్ణించి ఉన్నాడు. ఇంగ్లండు వైద్యుడు విల్సన్ జోన్స్ దానినే తరువాత వర్ణించి, కేశనాళికలు కుచ్చులు కుచ్చులుగా ఉండుటచేత కుచ్చుల కణితి అని అర్థము వచ్చు పేరు పెట్టినాడు. 1993లో జూకర్‌బెర్గ్, నికోలాఫ్, వైస్ అను ముగ్గురు పసివాండ్ర కణితులను పరీక్షించి ఇంకొక రూపమును స్థిరపరచినారు. అందులోని కణములు నూలు వడకు కదురు వలె మధ్య లావుగను చివరలు సన్నముగను ఉండి, పొరలు పొరలుగా చొచ్చుకొని పోవుచుండును. దానికి కపోసిఫార్మ్ హిమాంజియోఎండోథీలియోమా అని పేరు పెట్టినారు. పేరు నోటికి కష్టమైనదే. కాని దానిలో ఒక క్రొత్త సత్యమున్నది: ఇది హిమాంజియోమా కాదు.

ఆపై 1997వ సంవత్సరము. పారిస్ నగరమునుండి ఒడీల్ ఆన్జోల్రా బృందమును, బోస్టన్‌నుండి సర్కార్, మలికెన్ ప్రభృతుల బృందమును వేర్వేరుగా వ్యాసములు ప్రకటించినవి. కసబాక్-మెరిట్ వ్యాధి గల బిడ్డల కణితి ముక్కలను రెండు చోట్లను మరల పరీక్షించినారు. సముద్రమునకు అటునిటు ఉన్న రెండు బృందములును ఒకే మాట చెప్పినవి. ఈ బిడ్డలలో ఒక్కరికిని మామూలు హిమాంజియోమా లేదు. ఉన్నది కదురు కణముల కణితి, లేదా కుచ్చుల కణితి. ఈ రెండును దగ్గరి చుట్టములు. 1940లో పెట్టిన పేరు 1997లో సవరించబడినది. కసబాక్, మెరిట్ చూచిన సంబంధము నిజము. కణితి పేరు మాత్రము తప్పు.

పేరు మారినంతనే బిడ్డకు ఏమి ఒరిగినదని ఎవరైనను అడుగవచ్చును. దానికి జవాబు 2008లో స్పష్టమైనది. ఫ్రాన్సులోని బోర్డో నగరమున క్రిస్టీన్ లియోటె-లబ్రేజ్ అను వైద్యురాలు, గుండె జబ్బునకు ఇచ్చు ప్రొప్రనలాల్ అను చవుక మందుతో మామూలు హిమాంజియోమా వడివడిగా చప్పబడుట గమనించి, 11 మంది పిల్లల వృత్తాంతము వెలువరించినది. ఎఱ్ఱమచ్చల చికిత్స ఒక్కసారిగా మారిపోయినది. కాని కదురు కణముల కణితి మీద ఆ మందును నమ్ముకొనుటకు వీలు లేదు. పాత పేరే నిలిచి ఉన్నచో ఏమి జరిగియుండునో ఆలోచింపుడు. ఎంతమంది బిడ్డలకు ఆ మందే ఇచ్చి, గుణము కనబడునని విలువైన వారములు పోగొట్టెడివారో! పేరు సరియైనది కనుక వైద్యులు వేరు దారి వెదకినారు.

ఆ వేరు దారులలో మొదటిది మన పెరటి మొక్కనుండి వచ్చినది. తులసికోట ప్రక్కనో, గుడి ప్రాకారము వెంటనో గులాబి, తెలుపు రంగుల పూలు పూయు బిళ్ళగన్నేరు మనకందరికి తెలిసినదే. పుట్టినిల్లు మడగాస్కర్ ద్వీపము. చక్కెర వ్యాధికి దాని ఆకు మంచిదను నమ్మకము మన పల్లెలలో వలెనే జమైకా ద్వీపములోను ఉన్నది. ఆ ఆకులు కెనడాలోని రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అను పరిశోధకులకు చేరినవి. రసమును జంతువులకు ఇచ్చి చూడగా చక్కెర తగ్గలేదు. తెల్ల రక్తకణములు తగ్గినవి. ఈ యాదృచ్ఛిక దర్శనమును వారు 1958లో ప్రకటించినారు. అమెరికాలో ఎలై లిల్లీ సంస్థ పరిశోధకులు అదే మొక్కనుండి విన్‌క్రిస్టిన్ అను మందు తీసినారు. 1963లో అచట దానికి అనుమతి లభించినది. రక్తక్యాన్సరు గల పిల్లల చికిత్సలో అది మూలస్తంభములలో ఒకటి.

అట్టి విన్‌క్రిస్టిన్‌ను కసబాక్-మెరిట్ వ్యాధి గల 15 మంది బిడ్డలకు ఇచ్చిన వృత్తాంతమును 2002లో హైస్లీ-రాయ్‌స్టర్, ఆన్జోల్రా మొదలగు వారు ప్రకటించినారు. అందరిలోను ఫలకికలు పెరిగినవి. 2013లో ఉత్తర అమెరికా నిపుణులు కూడి, కార్టిసోన్ జాతి మందును విన్‌క్రిస్టిన్‌ను కలిపి వాడుట మొదటి చికిత్సగా నిర్ణయించినారు. ఇచట ఒక హెచ్చరిక చేయవలెను. పెరటిలోని ఆకు మందు కాదు. రాసుల కొలది ఆకునుండి గ్రాముల లెక్కన తీయు ఆ మందు ఘాటైన విషము కూడ. వైద్యుడు లెక్క కట్టి రక్తనాళములోనికి మాత్రమే ఇచ్చును. బిళ్ళగన్నేరు కషాయము బిడ్డకు పోయుట వట్టి అపాయము.

రెండవ దారి ఇంకను దూరమునుండి వచ్చినది. పసిఫిక్ మహాసముద్రములో రాపానుయి అను ఒంటరి ద్వీపమున్నది. పెద్ద రాతి విగ్రహములకు పేరు గన్న ఈస్టర్ ద్వీపమే అది. 1964లో బయలుదేరిన కెనడా వైద్యబృందమొకటి అచటి మట్టిని మూటగట్టి తెచ్చినది. మాంట్రియల్‌లోని ఆయెర్స్ట్ ప్రయోగశాలలో ఆ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి తీసిన పదార్థమునకు ద్వీపము పేరు మీదుగా రాపామైసిన్ అని పేరు పెట్టినారు. దానినే నేడు సిరోలిమస్ అందురు. ఆ పనిలో ముఖ్యుడు అవిభక్త భారతదేశమున పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్. 1980ల తొలినాళ్ళలో సంస్థ ఆ ప్రయోగశాలను మూసి, ఆ పరిశోధనను విరమించినపుడు, ఆ పదార్థమును పారవేయుటకు ఆయనకు మనసొప్పలేదు. ఇంటికి తెచ్చి, ఆహారపదార్థముల నడుమ శీతల పెట్టెలో దాచి ఉంచినాడు. సంవత్సరముల పిమ్మట సంస్థ యజమాన్యము మారినపుడు పరిశోధన మరల మొదలైనది. 1999లో మూత్రపిండము మార్పిడి చేసికొన్న వారికి మందుగా అమెరికాలో అనుమతి వచ్చినది. సెహగల్ 2003లో మరణించినాడు. పసిబిడ్డల కణితికి అది పనికివచ్చుట ఆయన చూడలేదు.

సిరోలిమస్ చేయు పని ఏమి? కణము పెరుగవలెనా, నిలువవలెనా అని తీర్పు చెప్పు ఒక అంగము ప్రతి కణములోను ఉన్నది. ఈ మందు దానిని అదుపు చేయును. పెరుగుచున్న రక్తనాళములును, లింఫు నాళములును నెమ్మదించును. 2010లో ఒక బిడ్డకు, 2011లో సిన్సినాటి నగరమున రక్తనాళ వ్యాధులు గల 6గురు బిడ్డలకు దీనిని ఇచ్చిన వార్తలు వెలువడినవి. 2016లో ఆడమ్స్ బృందము 61 మందితో జరిపిన పరీక్షలో, ఆరు విడతల మందు తరువాత లెక్కకు వచ్చిన 57 మందిలో 47 మందికి గుణము కనబడినది. వీరందరికి ఒకే వ్యాధి కాదు. పలు విధములైన రక్తనాళపు చిక్కులు గలవారు.

మేము చెప్పుచున్న కణితికే ప్రత్యేకించిన పరీక్ష చైనా దేశములో జరిగి 2022లో వెలువడినది. ఫలకికలు పడిపోయిన 73 మంది పిల్లలను చీటీలు వేసినట్లు రెండు వర్గములుగా చేసినారు. 36 మందికి సిరోలిమస్ ఒక్కటి. 37 మందికి దానితో ప్రెడ్నిసోలోన్ కూడ. నాలుగు వారములకు ఒక్క మందు పుచ్చుకొన్న వారిలో 24 మందికి, రెండు మందులు పుచ్చుకొన్న వారిలో 35 మందికి ఫలకికలు నిలకడకు వచ్చినవి. 1940లో ఒక్క బిడ్డ వృత్తాంతము అచ్చువేసిన చోటునుండి, ఇంత అరుదైన వ్యాధిలో 73 మందిని కూర్చి రెండు చికిత్సలను ప్రక్కప్రక్కన తూచిన చోటికి వైద్యము చేరినది.

ఇంతటితో జయించితిమని చెప్పుటకు లేదు. పాత వృత్తాంతములలో ఈ వ్యాధి సోకిన ప్రతి పదిమందిలోను ఒకరు మొదలు ముగ్గురి వరకు మరణించుచుండిరి. నేడు ఆ భయము తగ్గినది గాని పోలేదు. సిరోలిమస్ దేహపు రక్షణశక్తిని తగ్గించును. కావున ఊపిరితిత్తులకు సోకు జబ్బుల విషయమున కనిపెట్టి ఉండవలెను, రక్తములో మందు ఎంతయున్నదో మాటిమాటికి పరీక్షించవలెను. మందు ఆపిన పిదప కొందరిలో కణితి మరల తలయెత్తును. ఫలకికలు సరిపడినను కణితి పూర్తిగా మాయము కాక, గట్టిపడిన మచ్చయు, కీళ్ళ నొప్పియు ఏండ్ల తరబడి మిగులును.

ఇంకొక చిక్కు కలదు. కణితి ఎల్లప్పుడును చర్మము మీద కనబడదు. బోస్టన్ వైద్యులు 2013లో వ్రాసిన 107 మంది రోగుల వృత్తాంతములో నూటికి 71 మందికి ఫలకికలు పడిపోయినవి. రొమ్ములోపలనో, కడుపు వెనుకనో దాగిన కణితులకు ఈ ముప్పు మరింత హెచ్చు. పైకి ఏ మచ్చయు లేని బిడ్డ పాలిపోయి, ఒంటి మీద చుక్కలు లేచినపుడు, వైద్యుని మనసులో ఈ పేరు మెదలవలెను. మెదలుటకు ముందు ఆ పేరు ఆయనకు సరిగా తెలిసి ఉండవలెను.

ఇంటివారు గుర్తుంచుకొనవలసినవి కొద్ది మాటలే. మామూలు ఎఱ్ఱమచ్చ మెత్తగా, ప్రకాశమైన ఎఱుపుగా, నెలల మీద పెరుగును. బిడ్డ హాయిగా ఆడుకొనుచుండును. ఈ రెండవది ఊదారంగుకు తిరిగి, గట్టిపడి, ముట్టినచో వెచ్చగా, బిగిసి మెరయుచు, దినముల మీద ఉబ్బును. బిడ్డకు నొప్పి. ఇతర చోట్ల చర్మము మీద ఎఱ్ఱ చుక్కలు, కారణము లేని కములు మచ్చలు కనబడును. అట్టిచో నూనె రాసి మర్దించుట, పసరు కట్టుట, కాపు పెట్టుట తగదు. పిల్లల వైద్యుని వద్దకు ఆ దినముననే పోవలెను. ఫలకికల లెక్క తీయుట చిన్న పట్టణమునందును కొలది రూపాయలతో జరుగు పరీక్ష. దాని తరువాతి చికిత్స మాత్రము పెద్ద ఆసుపత్రిలోనే.

ముసలమ్మ పోవునులే అన్న మాటను మేము తీసివేయలేదు. లిస్టర్ లెక్క నేటికిని నిలిచియే ఉన్నది. నూటికి తొంబదితొమ్మిదికి మించిన మచ్చల విషయమున ఆమెయే గెలుచును. కాని ఆ మాట అనుటకు ముందు మచ్చను ఒకసారి వ్రేలితో తాకి చూచి, రేపు మరల చూచి, మొన్నటికంటె పెద్దదైనదా అని అడుగు ముసలమ్మ ఇంకను మంచిది. కసబాక్, మెరిట్ అను వారు చేసినదియు, పారిస్ బోస్టన్ నగరముల వారు చేసినదియు అంతకంటె వేరు కాదు. చూచినదానిని మరల చూచినారు. పెట్టిన పేరు నిలుచునా అని అడిగినారు. ఆ ప్రశ్న అడుగుటకు యాబది యేడు సంవత్సరములు పట్టినది. జవాబు దొరకిన నాటినుండి బిడ్డలు బ్రదుకు దారి వెడల్పైనది.